0.85 దగ్గర ఆగిన లెన్సు

నూజివీడు చుట్టుపక్కల జామ తోటల్లో, కూరగాయల మళ్లలో ఇప్పటికీ పాత డిస్కులు దారాలకు వేలాడుతుంటాయి, పిట్టల్ని బెదరగొట్టడానికి. ఎండలో తిరుగుతుంటే అన్నిటిదీ ఒకటే మెరుపు అనిపిస్తుంది కానీ, చేతిలోకి తీసుకుని చూస్తే తేడా తెలుస్తుంది. సీడీ మీద రంగులు ఇరుగ్గా, ఒకటికి నాలుగుసార్లు కనిపిస్తాయి. డీవీడీ మీద అవే రంగులు బాగా విడిపోయి వెడల్పుగా పరుచుకుంటాయి. బ్లూరే డిస్కు మన ఊళ్లలో దొరకడం అరుదు. దొరికితే మాత్రం ఎదురుగా పట్టుకుని చూసినప్పుడు రంగులే రావు.

ఈ తేడాను ఇంట్లోనే కొలవొచ్చు. తిరనాళ్లలో అమ్మే ఎర్ర లేజరు పాయింటరు తరంగదైర్ఘ్యం 650 నానోమీటర్లకు అటూ ఇటూగా ఉంటుంది. డిస్కును గోడకు ఎదురుగా మీటరు దూరంలో నిలబెట్టి, గోడ వైపు నుంచి లేజరును సూటిగా దాని మీద వేస్తే, తిరిగొచ్చిన కాంతి మధ్యలో ఒక చుక్కగా, పక్కల మరికొన్ని చుక్కలుగా పడుతుంది. సీడీ అయితే మొదటి పక్కచుక్క మధ్యచుక్కకు 44 సెంటీమీటర్ల దూరంలో ఉంటుంది. డీవీడీ అయితే 1.84 మీటర్లకు పోతుంది, చిన్న గదిలో పక్కగోడ మీద వెతుక్కోవాలి. బ్లూరేకు పక్కచుక్కే ఉండదు. కాంతి కళ్లల్లో పడకుండా చూసుకోవాలి, పిల్లలతో చేయిస్తే మరీనూ. కారణం, డిస్కు మీద చుట్లు చుట్లుగా సాగే గాట్ల వరసల మధ్య ఎడం. సీడీలో అది 1.6 మైక్రాన్లు, డీవీడీలో 0.74, బ్లూరేలో 0.32. వరసల ఎడం ఎరుపు తరంగంలో సగం కూడా లేనప్పుడు ఆ కాంతికి పక్కకు తిరిగే దారి ఏ కోణంలోనూ దొరకదు.

ఈ వరసల్ని ఇంత దగ్గరికి ఎలా జరపగలిగారు? ఈ ప్రశ్నకు పత్రికల్లో, పాఠాల్లో సాధారణంగా వినిపించే జవాబు లేజరు రంగు. పరారుణం నుంచి ఎరుపుకు, ఎరుపు నుంచి నీలం ఊదాకు వచ్చాం కాబట్టి డిస్కులో ఎక్కువ పట్టింది అంటారు. జపాన్‌లో నకమురా చేసిన నీలి కాంతి పరిశోధన, ఆయనకు అకసాకి, అమానోలతో కలిపి 2014లో వచ్చిన నోబెల్ ఆ కథకు మరింత బలం ఇచ్చాయి. ఆ జవాబు అబద్ధం కాదు, సగమే. మిగతా సగం లెన్సుది. ఒక తరం విషయంలో సగం కంటే ఎక్కువే.

లేజరు కిరణాన్ని ఎంత గొప్ప లెన్సుతో కుదించినా బిందువు రాదు, చుక్క వస్తుంది. ఆ చుక్క వెడల్పు కాంతి తరంగదైర్ఘ్యం మీద, ఆ కాంతి అంచుల నుంచి ఎంత వాలుగా వచ్చి కలుస్తోందన్న దాని మీద ఆధారపడుతుందని ఎర్నెస్ట్ ఆబే 1873లోనే తేల్చాడు. ఆ వాలుకు కొలత న్యూమరికల్ అపెర్చర్. ఇకమీద ఎన్ఏ అందాం. గాలిలో అది 1ని దాటదు. తరంగదైర్ఘ్యాన్ని ఎన్ఏకు రెట్టింపుతో భాగిస్తే చుక్క వెడల్పు ఉజ్జాయింపుగా వస్తుంది. సీడీకి 780 నానోమీటర్ల లేజరు, 0.45 ఎన్ఏ, చుక్క 870 నానోమీటర్లు. డీవీడీకి 650, 0.60, చుక్క 540. బ్లూరేకు 405, 0.85, చుక్క 240 లోపే.

డిస్కులో ఎంత పడుతుందన్నది చుక్క వెడల్పు వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి రంగు వాటా ఎంత, లెన్సు వాటా ఎంత అన్నది విడదీసి చూడొచ్చు. సీడీ నుంచి డీవీడీకి రంగు తెచ్చిన లాభం 1.44 రెట్లు, లెన్సు తెచ్చింది 1.78 రెట్లు. అక్కడ లెన్సుదే పైచెయ్యి. డీవీడీ నుంచి బ్లూరేకు రంగు 2.6 రెట్లు, లెన్సు 2 రెట్లు, గుణిస్తే 5.2. పొరకు 4.7 జీబీ నుంచి 25 జీబీకి వెళ్లిన అసలు పెరుగుదల 5.3 రెట్లు. లెక్క దాదాపు సరిపోయింది. సీడీ, డీవీడీల మధ్య మాత్రం సరిపోదు. 650 ఎంబీ నుంచి 4.7 జీబీ అంటే ఏడు రెట్ల పైమాట, లెన్సూ లేజరూ కలిసి ఇచ్చింది రెండున్నర రెట్లే. మిగతాది తప్పులు సరిదిద్దే కోడింగు మెరుగవడం వల్ల, సీడీ కాలంలో భయంకొద్దీ వదిలిన ఖాళీల్ని తగ్గించడం వల్ల వచ్చింది.

రంగు ఒక్కటే కారణం కాదనడానికి ఇంకా శుభ్రమైన పరీక్ష బజారులోనే జరిగింది. తోషిబా తెచ్చిన హెచ్‌డీ డీవీడీ, సోనీ బృందం తెచ్చిన బ్లూరే, రెండింటిదీ 405 నానోమీటర్ల లేజరే. హెచ్‌డీ డీవీడీ పాత డీవీడీ మందాన్నే ఉంచుకుని 0.65 ఎన్ఏతో సరిపెట్టుకుంది; పొరకు 15 జీబీ. బ్లూరే 0.85కు తెగించింది, 25 జీబీ. రెండు ఎన్ఏల నిష్పత్తిని వర్గం చేస్తే 1.71, రెండు డిస్కుల నిష్పత్తి 1.67. ఒకే దీపం, రెండు లెన్సులు, పది జీబీల తేడా. 2008 ఫిబ్రవరిలో తోషిబా తప్పుకుంది. దానికి సినిమా కంపెనీల పొత్తులూ, ఆటల యంత్రాల అమ్మకాలూ కారణాలే, లెన్సు ఒక్కటే గెలిపించిందని అనను. కానీ ఆ పోరులో రెండు పక్షాలూ దేని మీద విడిపోయాయో చూస్తే అది లెన్సే.

తెలుగు ఇళ్లలోకి బ్లూరే పెద్దగా రాలేదు. మనం సీడీ లెన్సుతోనే చాలాకాలం సినిమాలు చూశాం, వీసీడీ అంటే అదే కదా. ఒక్కోదాంట్లో 74 నిమిషాలే పట్టేది కాబట్టి రెండున్నర గంటల సినిమాకు రెండు మూడు డిస్కులు, మధ్యలో లేచి మార్చడం. నోయిడాలోని మోజర్ బేర్ 2007 ప్రాంతంలో సినిమా డిస్కుల ధరను ముప్పై రూపాయల చుట్టుపక్కలకు దించాక డీవీడీ పల్లెలకూ చేరింది. డిస్కులైతే మనదేశంలో కోట్లలో తయారయ్యాయి. వాటిని చదివే పికప్‌లు, వాటిలోని లెన్సులు మాత్రం ఎక్కువగా తూర్పు ఆసియా నుంచే వచ్చాయి. మన వ్యాపారమంతా డిస్కు ధర చుట్టూ తిరిగింది, దాన్ని చదివే కన్ను గురించి ఎవరూ మాట్లాడలేదు.

ఆ కన్నును చూడాలంటే పాడైన ప్లేయరు మూత విప్పితే చాలు. పట్టాల మీద జరిగే చిన్న దిమ్మె, దాని మీద కందిగింజంత లెన్సు. పైపూత వల్ల కాస్త నీలంగా ఉంటుంది. వేలితో మెల్లగా నొక్కితే కిందికి పోయి మళ్లీ పైకి వస్తుంది, ఎందుకంటే అది నిలబడింది వెంట్రుకల్లాంటి సన్నటి తీగల మీద. డీవీడీ ప్లేయరు లెన్సును దీపం కింద పక్కకు వంచి చూస్తే చాలావాటిలో ఉపరితలం మీద సన్నటి వలయాలు కనిపిస్తాయి. అవి గీతలు కావు, కావాలని చెక్కినవి. ఎందుకో తర్వాత చెబుతాను. సీడీ తిరుగుతున్నప్పుడు అర మిల్లీమీటరు దాకా పైకీ కిందికీ ఊగడాన్ని ప్రమాణాలు ఒప్పుకుంటాయి. లెన్సు నాభి మాత్రం రెండు మైక్రాన్లకు మించి తప్పకూడదు. అంటే డిస్కు ఊగినట్టల్లా లెన్సు కూడా ఊగాలి. అందుకే బరువు తగ్గాలి, అందుకే ఎక్కువ గాజుముక్కలు పేర్చకూడదు. డిజైనరు చేతులు మొదట కట్టేది ఇదే.

తొలినాటి ప్లేయర్లలో కొన్నిటికి మామూలు గోళీయ లెన్సులు మూడు నాలుగు పేర్చి వాడారు. గోళాకారపు ఉపరితలం ఒక్కటే ఉంటే అంచుల నుంచి వచ్చే కిరణాలు ముందే కలుస్తాయి, మధ్యవి తర్వాత కలుస్తాయి. ఇదే గోళీయ విపథనం. దాన్ని మరో లెన్సుతో సరిదిద్దాలి, దాన్ని ఇంకొకటితో. ఫిలిప్స్‌లో జోసెఫ్ బ్రాట్ వంటివాళ్లు, జపాన్ కంపెనీల వాళ్లు వేరే దారి పట్టారు. ఒకే ముక్క, రెండు ముఖాలూ గోళం కానివి. 1949లో వాసర్‌మన్, వుల్ఫ్ రాసిన సిద్ధాంతం ప్రకారం రెండు స్వేచ్ఛా ఉపరితలాలుంటే రెండు షరతులు నెరవేర్చవచ్చు. ఒకటి, నడిమి అక్షం మీద గోళీయ విపథనం సున్నా. రెండోది ఆబే సైన్ నియమం, అంటే కిరణం కాస్త వాలుగా వచ్చినా చుక్కకు తోక రాకూడదు. ఆ తోకకు కోమా అని పేరు.

కాగితం మీద ఇంతటితో సమస్య తీరిపోయినట్టే. కంప్యూటరులో రెండు ఉపరితలాల గుణకాలను వదిలేస్తే కొన్ని నిమిషాల్లో దోషం లేని లెన్సు వస్తుంది. అసలు డిజైను అక్కడ మొదలవుతుంది. తరంగరూపం సగటున తరంగదైర్ఘ్యంలో 0.07 వంతుకు మించి చెడకూడదన్నది ఫ్రెంచి శాస్త్రవేత్త మారెషాల్ పెట్టిన హద్దు. అది మొత్తం వ్యవస్థకు. డిస్కు వంపు, మందం తేడా, నాభి తప్పడం, బిగింపులో లోపం అన్నీ అందులోంచి పంచుకోగా లెన్సుకు దక్కేది సగం ఉంటే గొప్ప. ఆ సగంలో మళ్లీ తయారీ లోపాలు. అచ్చు రెండు భాగాలూ ఒకదానికొకటి రెండు మూడు మైక్రాన్లు పక్కకు జరిగితే కోమా పుడుతుంది, కాస్త వంగినా పుడుతుంది. కాబట్టి మంచి డిజైనరు కంప్యూటరు ఇచ్చిన దోషరహితమైన లెన్సును తీసుకోడు. కొంచెం తక్కువ మంచిదైనా, అచ్చు జరిగినప్పుడు తక్కువ చెడే లెన్సును తీసుకుంటాడు. మధ్య మందం పెంచుతాడు, వక్రీభవన గుణకం ఎక్కువున్న పదార్థం వెతుకుతాడు, ఒక షరతును కొంత వదులుకుంటాడు. ఈ విద్యలో మిగతాదంతా దీని తర్వాతే.

పదార్థం సంగతి. సీడీ, డీవీడీ లెన్సులు ఎక్కువగా ప్లాస్టిక్కే, ఆక్రిలిక్ గానీ దాని తర్వాత వచ్చిన సైక్లో ఓలెఫిన్ రకాలు గానీ. కోట్లలో పోయొచ్చు, తేలిక. కానీ ప్లాస్టిక్ వక్రీభవన గుణకం ఒక్కో డిగ్రీ వేడికీ పదివేలలో ఒక వంతు చొప్పున తగ్గుతుంది. గాజుతో పోలిస్తే ఇది చాలా ఎక్కువ. మామిడికాయలు దిగే మే నెలలో నూజివీడు రోడ్డు మీద ఆపిన కారు లోపల వేడి ఎంతుంటుందో అందరికీ తెలుసు. గది వేడికి సరిచేసిన లెన్సు అక్కడ 30 డిగ్రీలు ఎక్కువలో పనిచేయాలంటే గుణకం 0.003 మారిపోయి ఉంటుంది. 0.45 దగ్గర అది పట్టించుకోనక్కర్లేదు. కానీ ఈ మార్పు వల్ల పుట్టే గోళీయ విపథనం ఎన్ఏ నాలుగో ఘాతంతో పెరుగుతుంది. డీవీడీ నుంచి బ్లూరేకు వస్తే ఇదొక్కటే నాలుగు రెట్లు, తరంగదైర్ఘ్యం కూడా తగ్గింది కాబట్టి లెక్కలో ఆరున్నర రెట్లు. తొలి బ్లూరే లెన్సుల్ని గాజుతో చేయడానికి ఇది పెద్ద కారణం. తర్వాత ప్లాస్టిక్‌తోనూ సాధించారు, అయితే వేడికి సర్దుకునే ఇతర ఏర్పాట్లు తోడయ్యాకే.

లెన్సు ఎంత మంచిదైనా కాంతి డిస్కు పైపొరను దాటి లోపలికి పోవాలి. ఆ పొర కూడా లెన్సులో భాగమే. డిజైను సాఫ్ట్‌వేరులో చివరి ఉపరితలంగా దాన్ని రాసే తీరాలి, దాని మందానికి తగ్గట్టే ముఖాలు తీర్చాలి. నా దృష్టిలో మొత్తం చరిత్ర ఇక్కడే తిరుగుతుంది. డిస్కు కాస్త వంగి తిరిగితే పుట్టే కోమా, పొర మందాన్ని ఎన్ఏ ఘనంతో గుణించి తరంగదైర్ఘ్యంతో భాగించిన దానికి అనుపాతంలో ఉంటుంది. సీడీ అంకెలు వేస్తే 0.14 వస్తుంది. 1.2 మిల్లీమీటర్ల మందాన్నే ఉంచి డీవీడీ చేసి ఉంటే 0.40 వచ్చేది. మందాన్ని 0.6కు తగ్గించారు కాబట్టి 0.20 దగ్గర ఆగింది. బ్లూరేను 0.6 మిల్లీమీటర్లతో చేస్తే 0.91, అంటే చదవడం కల్ల. 0.1 మిల్లీమీటరుకు దించితే 0.15. సీడీ దగ్గరికే తిరిగొచ్చింది! ఎన్ఏ పెద్దదైనప్పుడు ఈ సూత్రం మోటుదే, అయినా బొమ్మ మారదు. లెన్సు ఎక్కువ అడిగినప్పుడల్లా డిస్కు పొరను పలచన చేసి చెల్లించారు.

ఈ బేరం 1995లోనూ జరిగింది. డీవీడీకి ముందు ఫిలిప్స్, సోనీలు తెచ్చిన ప్రతిపాదన 1.2 మిల్లీమీటర్ల పొరతో 0.52 ఎన్ఏ దగ్గర ఆగేది. తోషిబా పక్షం 0.6 మిల్లీమీటర్ల రేకులు రెండు అతికించి 0.60కు వెళ్దామంది. రెండో పక్షం మాటే నిలిచింది. తమాషా ఏమిటంటే, పదేళ్లకు పాత్రలు మారిపోయాయి. పొరను ఇంకా పలచన చేద్దామన్నది సోనీ, పాత మందం వదలనన్నది తోషిబా.

పొర పలచనైతే మూల్యం ఇంకోచోట పడుతుంది. చిన్నరసాలు తిన్న చేత్తో డిస్కు పట్టుకుంటే పడే వేలిముద్ర డిస్కు పైన ఉంటుంది, సమాచారం లోపలి పొరలో. సీడీలో కాంతి పైముఖం దాటేటప్పుడు 0.7 మిల్లీమీటర్ల వెడల్పు ఉంటుంది. దుమ్ముకణం దానిలో కొద్ది భాగాన్నే మూస్తుంది, చదవడం సాగిపోతుంది. డీవీడీలో అది 0.5 మిల్లీమీటర్లు. బ్లూరేలో 0.13. అదే మరక ముప్పై రెట్లు చిన్న కిటికీ మీద పడినట్టయింది. అందుకే 2003లో జపాన్‌లో వచ్చిన తొలి సోనీ రికార్డరుకు డిస్కులు ప్లాస్టిక్ పెట్టెల్లో పెట్టి ఇచ్చారు. గీతలకూ మరకలకూ ఓర్చుకునే గట్టి పైపూత టీడీకే వంటి కంపెనీల నుంచి వచ్చాకే ఆ పెట్టె పోయింది. ఒక రసాయన పూత రాకపోతే 0.85 లెన్సు ప్రయోగశాల దాటేది కాదేమో.

ఇప్పుడా వలయాల సంగతి. డీవీడీ ప్లేయరు సీడీని కూడా చదవకపోతే ఎవరూ కొనరు. కానీ 0.6 మిల్లీమీటర్ల పొరకు తీర్చిన లెన్సుతో 1.2 మిల్లీమీటర్ల లోతుకు చూస్తే గోళీయ విపథనం ముంచెత్తుతుంది. రెండు లెన్సులు పెట్టి మార్చడం మొదటి దారి, బరువూ ఖర్చూ ఎక్కువ. రెండోది లెన్సు మీద సన్నటి వలయాలు చెక్కి, వివర్తనం ద్వారా కాంతిని రెండు నాభులకు పంచడం. మత్సుషితా ఈ దారిలో ముందు నడిచింది. కాంతిలో కొంత ఎప్పుడూ వృథా అవుతుంది, చదవడానికి పర్వాలేదు. ఇంకో చిక్కు కూడా వచ్చింది. ఇంట్లో రాసుకునే సీడీ-ఆర్ మీది రంగుపూత 780 నానోమీటర్ల దగ్గరే కాంతిని తిప్పికొడుతుంది, ఎరుపును మింగేస్తుంది. మొదట్లో చాలా డీవీడీ ప్లేయర్లు షాపులో కొన్న పాటల సీడీ పాడి, ఇంట్లో రాసిన దానికి ‘నో డిస్క్’ అనేవి. చివరికి రెండు లేజర్లూ పెట్టక తప్పలేదు. వలయాల్ని కూడా రంగును బట్టి పనిచేసేలా మార్చారు. మూడు తరాల డిస్కుల్నీ ఒకే లెన్సుతో చదివించడం ఈ విద్యలో అన్నిటికన్నా చిక్కు పని అని నా అభిప్రాయం. జనానికి అది కనిపించదు, మెచ్చుకున్నవాళ్లూ తక్కువే.

0.85కు ఎలా చేరారు? సోనీ పరిశోధకులు 1990ల రెండో సగంలో రెండు గాజుముక్కలు కలిపిన లెన్సుతో మొదలుపెట్టారు. భారం రెంటి మీదా పంచితే ఒక్కో ముఖం అంత నిటారుగా ఉండక్కర్లేదు, చెక్కడం తేలిక. కానీ రెండో ముక్క డిస్కుకు 0.15 మిల్లీమీటర్ల దూరంలోకి వచ్చేస్తుంది. డిస్కు అంతకంటే ఎక్కువే ఊగుతుందని ముందే అనుకున్నాం. నియంత్రణ ఒక్క క్షణం తప్పితే లెన్సు డిస్కును గీరేస్తుంది. పైగా రెండు ముక్కల్ని మైక్రాను తేడాతో ఒకే అక్షం మీద అతకడం ఒక్కో లెన్సుకూ చేయాల్సిన చేతిపని. తర్వాత హోయా, కొనికా మినోల్టా, పానాసోనిక్ వంటివాళ్లు ఒకే గాజుముక్కతో 0.85 సాధించారు. దూరం అర మిల్లీమీటరు చుట్టూ వచ్చింది. ఆ ముక్కకు ముందుముఖం అంచుల్లో గోడంత నిటారు. టంగ్‌స్టన్ కార్బైడ్ అచ్చును వజ్రపు చక్రంతో ఆ ఆకారానికి అరగదీయాలి. గాజు ఉండను వేడిచేసి, గాలి తగలకుండా నైట్రోజన్‌లో నొక్కి, ఒత్తిడి తగ్గకుండా చల్లార్చాలి. చల్లారేటప్పుడు గాజు ముడుచుకునే తీరును ముందే లెక్కగట్టి అచ్చు ఆకారాన్ని ఆ మేరకు తప్పుగా చెక్కుతారు. నొక్కినప్పుడు ఒప్పు అవుతుంది.

చదవడం వరకు ఇది. రాయడం వేరే లోకం. రాసేటప్పుడు లేజరు శక్తి చదివే శక్తికి ఎన్నో రెట్లు పెరగాలి, అదీ క్షణంలో కోట్లవ వంతులో. శక్తి ఒక్కసారిగా పెరిగితే డయోడు వేడెక్కి తరంగదైర్ఘ్యం నానోమీటరు దాకా గెంతుతుంది. 405 నానోమీటర్ల దగ్గర గాజు గుణకం రంగును బట్టి చాలా వేగంగా మారుతుంది. రెండు మిల్లీమీటర్ల లోపు నాభ్యంతరం ఉన్న లెన్సుకు మోటు లెక్క వేస్తే, ఒక్క నానోమీటరు గెంతుకు నాభి సుమారు 0.4 మైక్రాను జరుగుతుంది. బ్లూరేలో నాభి తప్పడానికి ఉన్న వెసులుబాటు అటూ ఇటూ 0.28 మైక్రానే. నాభిని సరిదిద్దే సర్వో మేలుకునేలోపు మొదటి గాట్లు మసకగా పడిపోతాయి. వలయాలు చెక్కిన ఉపరితలం గాజుకు వ్యతిరేక దిశలో రంగుల్ని చెదరగొడుతుంది కాబట్టి దాన్ని జోడించి ఈ వర్ణ విపథనాన్ని కొట్టేస్తారు. ఇంకో పేచీ ఉంది. డయోడు కాంతి గుండ్రంగా రాదు, దీర్ఘవృత్తంగా వస్తుంది. చుక్క చిన్నది కావాలంటే లెన్సు అంచుదాకా కాంతి సమానంగా నిండాలి, అంటే పక్కల పోయేది చాలా వృథా. రాయడానికి శక్తి కావాలంటే వృథా తగ్గాలి, అప్పుడు చుక్క లావవుతుంది. చదివే యంత్రం మొదటి దాన్ని, రాసే యంత్రం రెండోదాన్ని ఎంచుకుంటాయి. రికార్డరు డిజైనరు ఈ రెంటి మధ్య నలుగుతాడు.

పొరలు పెరిగినప్పుడు గోళీయ విపథనం మళ్లీ వస్తుంది. రెండు పొరల బ్లూరేలో ఒకటి 100 మైక్రాన్ల లోతున, రెండోది 75 మైక్రాన్ల లోతున ఉంటాయి. ఆ 25 మైక్రాన్ల తేడా ఒక్కటే మారెషాల్ హద్దును దాటించడానికి చాలు. అందుకే ప్రధాన లెన్సుకు వెనక ఉన్న ఇంకో లెన్సును చిన్న మోటారు ముందుకూ వెనక్కూ జరుపుతుంది. ప్రధాన లెన్సులోకి వెళ్లే కాంతి కాస్త విచ్చుకునో ముడుచుకునో వెళ్లి ఆ దోషాన్ని రద్దుచేస్తుంది. ఈ ఏర్పాటుతోనే మూడు పొరల 100 జీబీ, నాలుగు పొరల 128 జీబీ డిస్కులు సాధ్యమయ్యాయి. 2014లో సోనీ, పానాసోనిక్ కలిసి ప్రకటించిన 300 జీబీ ఆర్కైవల్ డిస్కు కూడా 405, 0.85 మీదే నడిచింది. లాభమంతా వరసల మధ్య గట్ల మీద కూడా రాయడం, రెండు ముఖాలా పొరలు వేయడం, సంకేతాల నుంచి సమాచారం రాబట్టే గణితం మెరుగవడం. లెన్సు 2003లో ఆగినచోటే ఉంది.

దాన్ని దాటించే ప్రయత్నాలు లేకపోలేదు. స్టాన్‌ఫోర్డ్‌లో మాన్స్‌ఫీల్డ్, కైనో 1990లో చూపిన దారి అన్నిటికన్నా అందమైనది. అర్ధగోళపు గాజుముక్కను నాభి దగ్గర పెడితే కాంతి గాజులోనే కలుస్తుంది, ఎన్ఏ 1ని దాటుతుంది. ఐబీఎం వాళ్లు 1994లో దానితో రాసీ చదివీ చూపించారు. కానీ ఆ కాంతి గాజు దాటి డిస్కులోకి దూకాలంటే మధ్య సందు కొన్ని పదుల నానోమీటర్లే ఉండాలి. మార్చుకోగలిగిన డిస్కుకు, మన దుమ్ముకు ఆ సందు సరిపడదు. ఫిలిప్స్, సోనీ ఏళ్ల తరబడి దీని మీద పనిచేశాయి, సరుకుగా బయటికి రాలేదు. షాంఘై పరిశోధకులు 2024లో నేచర్ పత్రికలో ప్రకటించిన పద్ధతి వేరు. ఒక లేజరు రాస్తుంది, వలయాకారపు ఇంకో లేజరు చుట్టుపక్కల రాతను అణుస్తుంది. వంద పొరల్లో 1.6 పెటాబిట్ల సామర్థ్యం సాధ్యమని చూపించారు. అది రసాయనం గెలుపు. బల్ల మీద పరిచిన ఆ వ్యవస్థను ప్లేయరులోకి దించాలంటే రెండు రంగుల్ని ఒకే చోట నిలుపుతూ, వంద లోతులకు సర్దుకుంటూ, తీగల మీద ఊగేంత తేలికైన లెన్సు కావాలి. ఆ సమస్య ఇంకా మొదట్లోనే ఉంది.

మన దగ్గర ఈ విద్యకు ఆనవాళ్లున్నాయా? పాత కృష్ణా జిల్లాలోనే ఉన్నాయి. మచిలీపట్నంలో శాస్త్ర పరికరాలు చేసిన ఆంధ్ర సైంటిఫిక్ కంపెనీని 1983లో భారత్ ఎలక్ట్రానిక్స్ తీసుకుంది. సైన్యానికి రాత్రిచూపు పరికరాలు అక్కడ తయారవుతాయి, 2025 అక్టోబరులో నిమ్మలూరు కర్మాగారం దానికి తోడైంది. అయితే రాత్రిచూపుకు వాడే పరారుణ కెమెరాల లెన్సుకూ డిస్కు లెన్సుకూ మధ్య దూరం చిన్నది కాదు. వేడిని చూసే కెమెరా పది మైక్రాన్ల తరంగాలతో పనిచేస్తుంది, డిస్కు లెన్సు 0.4 మైక్రాన్లతో. ఉపరితలంలో ఓర్చుకోగల తప్పు ఆ లెక్కన పాతిక రెట్లు తగ్గాలి. పైగా ఒకటి వందల్లో చేసే సరుకు, ఇంకోటి కోట్లలో. మనకు లేనిది ఆ రెండోదే.

చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి 1994లో ట్యూరింగ్ అవార్డు అందుకున్న రాజ్ రెడ్డి నడిపిన పది లక్షల పుస్తకాల స్కానింగు పథకాన్ని తీసుకుంటే లెన్సు విలువ అంకెల్లో తెలుస్తుంది. స్కాన్ చేసిన పుస్తకం 50 ఎంబీ అనుకుందాం. పది లక్షల పుస్తకాలకు సీడీలు 77 వేలు కావాలి, డీవీడీలైతే 10,600, బ్లూరేలైతే 2,000. ఆయనే తొలి కులపతిగా 2008లో మొదలైన నూజివీడు ట్రిపుల్ ఐటీలో ఆప్టిక్స్ పాఠం చదివే పిల్లలకు మంచి అభ్యాసం కూడా ఇందులో ఉంది. 405 నానోమీటర్లు, 0.85, 0.1 మిల్లీమీటరు పొర పెట్టి రెండు ముఖాల లెన్సు తీర్చి, తర్వాత ఒక ముఖాన్ని రెండు మైక్రాన్లు పక్కకు జరిపి చూడటం. పుస్తకంలో విపథనాల అధ్యాయం నెల చదివినా రాని అవగాహన అందులో వస్తుంది.

ఖాళీ బ్లూరే డిస్కుల తయారీని పానాసోనిక్ 2023 ఫిబ్రవరిలో, సోనీ 2025 ఫిబ్రవరిలో ఆపేశాయి. డ్రైవులు కూడా తగ్గిపోతాయి. నూజివీడులో ఫొటో స్టూడియోల బీరువాల్లో, ఇళ్లలో ఉన్న పెళ్లి డిస్కుల్లో ఎక్కువభాగం రంగుపూత మీద రాసిన డీవీడీ-ఆర్‌లు. వేడికి, వెలుగుకు ఆ పూత వెలిసిపోతుంది. అచ్చు పోసిన సినిమా డిస్కులకు ఆ బెడద లేదు. కాపీ చేయదలచినవాళ్లు ముందు రాసినవాటిని తీయాలి. వాటిలోనూ రేకుల కప్పు కింద, ఎండ తగిలే గదుల్లో ఉన్నవాటిని మొదట. డ్రైవు లెన్సుకు దుమ్ము పట్టి ఉంటే గాలి ఊది దులిపితే చాలు, థిన్నరుతో తుడిస్తే ప్లాస్టిక్ ముఖం మసకబారుతుంది. చదవనని మొరాయించిన డిస్కును పారేయకుండా వేరే కంపెనీ డ్రైవులో పెట్టి చూడాలి. రెండు పికప్‌లు ఒకే డిస్కును ఒకేలా చూడవు.